చెన్నై ట్రాక్‌కూ సాలూరు రోడ్డుకూ ఒకే బ్రేక్ ప్యాడ్లు: మూడు సెట్లు వాడి చూశాక

విజయనగరంలో ఉంటూ ట్రాక్ డే సరదా, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే సరదా, పెట్టుకున్నవాడికి మొదటి చిక్కు దూరమే. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అనే రేస్ ట్రాక్ ఉన్న, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ఇక్కడికి 800 కిలోమీటర్ల పైమాట. కారును లారీ మీద ఎక్కించి పంపే స్తోమత నాకు లేదు. అందుచేత ఏ ప్యాడ్లతో (చక్రంతో తిరిగే డిస్కును ఇరువైపులా నొక్కి కారును ఆపే బిళ్లలు) ట్రాక్ మీద తిరుగుతానో వాటితోనే జాతీయ రహదారి మీద వెళ్లి రావాలి, సోమవారం ఉదయం వాటితోనే ఆఫీసుకు పోవాలి. ఈ సమీక్షలో ప్యాడ్లను నేను తూచింది ఆ తూకంతోనే తప్ప ల్యాప్ సమయంతో కాదు.

నాది ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాతో కలిపి బరువు సుమారు 1,100 కిలోలు. ఇంత బరువు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగితే వేగం సగమే తగ్గినా శక్తిలో మూడు వంతులు బ్రేకుల్లో వేడిగా మారుతుంది. లెక్క కడితే అది 800 కిలోజౌళ్లు దాటుతుంది, అంటే రెండున్నర లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి. అందులో సింహభాగం ముందున్న నాలుగు ప్యాడ్ల మీద పడుతుంది, అది చల్లారకముందే మరో మలుపు వస్తుంది.

మొదటిసారి కారుతో వచ్చిన ప్యాడ్లతోనే వెళ్లాను. నాలుగో ల్యాప్‌లో పెడల్ గట్టిగానే ఉంది కానీ ఎంత తొక్కినా కారు ఆగే ధోరణిలో లేదు. సుంకి ఘాట్ దిగి సాలూరు చేరే లోడు లారీల దగ్గర వచ్చే కమురు వాసన కారంతా నిండింది. ప్యాడ్‌లో పదార్థాలను అంటిపెట్టే రెజిన్ కాలి, ఆ వాయువు ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య పొరలా చేరడం వల్ల పట్టు తగ్గుతుంది. దీనికి ప్యాడ్లను తప్పుపట్టలేను, అవి ఊళ్లో తిరగడానికి చేసినవి. మధ్యాహ్నం జరిగింది మాత్రం వేరు: పెడల్ మెత్తబడి కింది దాకా దిగిపోయింది. అది ప్యాడ్ల దోషం కాదు, బ్రేక్ ఆయిల్ మరగడం. డాట్ 4 తరగతి బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. నా ఆయిల్ మార్చి అప్పటికి రెండేళ్లు దాటింది. ఈ రెండు జబ్బులకూ తేడా తెలియక ప్యాడ్ల మీద డబ్బు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, మొదటి ఖర్చు ఆయిల్ మీదే పెట్టమని నా సలహా. నేను 312 డిగ్రీల మరుగు స్థానమున్న మోట్యుల్ ఆర్‌బీఎఫ్ 600 పోయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీయించాను.

రెండో సెట్ ఒక దుకాణంలో ‘రేసింగ్ ప్యాడ్లు’ అంటూ అంటగట్టినది. ప్యాడ్ అంచున ముద్రించే కోడ్ చివర రెండు ఆంగ్లాక్షరాలుంటాయి: మొదటిది తక్కువ వేడిలో పట్టును, రెండోది ఎక్కువ వేడిలో పట్టును చెబుతుంది. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం (పట్టుకు కొలత) 0.25 నుంచి 0.35 వరకు, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45 వరకు, ‘జీ’ అంటే ఆపైన 0.55 వరకు. నాకిచ్చిన వాటి మీద ఎర్ర రంగు తప్ప ఒక్క అక్షరం లేదు. తిరిగి ఇస్తానంటే తీసుకోలేదు, నేనూ బిగించలేదు.

ఆ తర్వాత ఒక మిత్రుడి దగ్గర పూర్తి పోటీ తరహా ప్యాడ్లు తెచ్చాను. వాటిని చేతిలో పట్టుకొని మా మెకానిక్, “ఇది రాయిలాగుంది బాబూ, పొద్దున్నే గంటస్తంభం కాడ ఎవుడైనా అడ్డొస్తే ఏటి సేస్తారు?” అన్నాడు. అతడన్నది అక్షరాలా నిజం. బాగా వేడెక్కితే తప్ప పట్టని ప్యాడ్ ఊళ్లో మొదటి బ్రేకుకు ప్రమాదమే. రెండు రోజులు తిప్పి తీసేశాను.

చివరికి నిలిచింది ఫెరోడో డీఎస్2500. 1897లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఇంగ్లండులో మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఆయన ఇంటిపేరు అక్షరాలను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపితే ఫెరోడో అయిందంటారు. పోటీ ప్యాడ్ల వరుసలోదే అయినా చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టడం దీని సుగుణం. రెండు ట్రాక్ డేలలోనూ ఐదు ల్యాపుల చొప్పున నడిపి ఒక ల్యాప్ నెమ్మదిగా చల్లార్చుకున్నాను. పట్టు ఎక్కడా జారలేదు. మరింత నచ్చింది, కాలు ఎంత నొక్కితే అంతే పట్టడం; వానలో ఆ నిదానం విలువ తెలుస్తుంది. కీచు శబ్దం, అల్లాయ్ చక్రాలకు అంటుకునే నల్లటి పొడి ఈ తరగతి ప్యాడ్లన్నిటికీ ఉన్న గుణాలే, వాటిని భరించలేనివారు దీని జోలికి పోకపోవడమే మేలు. ధర మామూలు ప్యాడ్లకు ఎన్నో రెట్లు.

బిగించాక డిస్కుతో సర్దుబాటు చేయకుండా ట్రాక్ ఎక్కకూడదు. తెల్లవారుజామున భోగాపురం వైపు, వెనక బండి లేదని చూసుకొని, 90 నుంచి 30కి పదిసార్లు వేగం తగ్గించాను, ఒక్కసారీ పూర్తిగా ఆపకుండా. ఆ తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా నడిపాను. వేడి మీద ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట అంటుకొని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది.

ట్రాక్ మీద ప్యాడ్ సగానికి అరిగితే మార్చేస్తాను, పలచబడిన ప్యాడ్ వేడిని నేరుగా ఆయిల్‌కు పంపుతుంది కాబట్టి. కారుతో వచ్చిన పాత ప్యాడ్లను మాత్రం పారేయలేదు. ఇరుంగాట్టుకోట్టైలో అరుగుదల అంచనా తప్పితే అక్కడే బిగించి ఇంటికి చేరడానికి, జాకీతో పాటు డిక్కీలో ఉంచుకుంటున్నాను.