ఫిజిక్స్ మెంటర్ అని ఫోన్ వస్తే జాగ్రత్త, విజయనగరం శ్రీకాకుళం వాళ్లు చదవండి

ఇంట్లో ఎంపీసీ చదివే పిల్లలున్నోళ్లు, టెన్త్ అయిపోయి ఇంటర్‌లో చేరబోయేవాళ్లు ఇది కాస్త చూడండి. వన్ టు వన్ ఫిజిక్స్ మెంటర్‌షిప్, ఐఐటీలో చదివిన మెంటర్, సైన్స్ ఒలింపియాడ్ పోటీ, కేవీపీవై అనే స్కాలర్‌షిప్ పరీక్ష, రీసెర్చ్ అన్నీ మేమే చూసుకుంటాం అని ఫోన్లు చేసి డబ్బులు గుంజుతున్నారు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు, రాసినా రేపు ఇంకో పేరుతో చేస్తారు, వాళ్ల పద్ధతి గుర్తుపడితే చాలు.

మా తమ్ముడు విజయనగరంలోనే ఇంటర్ ఫస్టియర్. వాడికి షార్ట్‌కట్లు వద్దు, అది ఎందుకలా అవుతోంది అనేదే కావాలి. కాలేజీలో సెక్షన్‌కి ఎంతమందిని కుక్కుతారో మీకు తెలియంది కాదు, సార్‌ని ఆపి డౌట్ అడిగే టైమ్ ఎవడిస్తాడు. అందుకని 24 వేలు కట్టి వీళ్ల దగ్గర చేర్పించాం.

మెంటర్ అని ఒకాయన్ని వాట్సాప్‌లో తగిలించారు. డౌట్ పెడితే ఎప్పుడో రాత్రికి ఏదో పుస్తకం పేజీ ఫొటో వచ్చేది, అంతే. రొటేషనల్ మోషన్‌లో వాలు మీంచి సాలిడ్ సిలిండర్ జారకుండా దొర్లుకుంటూ దిగే లెక్క ఉంటుంది కదా, కిందికొచ్చేసరికి వేగం ఎంత అని మావాడు అడిగాడు. ఆయన రూట్ 2జీహెచ్ అన్నాడు (జీ అంటే గురుత్వ త్వరణం, హెచ్ అంటే వాలు ఎత్తు). అది దొర్లకుండా, ఘర్షణ లేకుండా జారే దిమ్మకి వచ్చే జవాబు. పుస్తకంలో రూట్ 4జీహెచ్ బై 3 ఉంది సార్ అంటే, ఘర్షణ వల్ల ఎనర్జీ పోయింది అందుకే తగ్గింది అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. మా వీధిలో రిటైరైన లెక్చరర్ మాస్టారు అది విని ఒకటే నవ్వు. దొర్లేటప్పుడు నేలని తాకే చోట సిలిండర్ ఆ క్షణానికి కదలదు, అక్కడ ఘర్షణ చేసే పని సున్నా, ఎనర్జీ ఎక్కడికీ పోలేదు, మూడో వంతు గుండ్రంగా తిరగడానికి వెళ్లింది అంతే అని అరుగు మీదే కాగితం తీసి వేసి చూపించారు. తప్పు చెప్పడం కూడా పెద్ద విషయం కాదండి, ఎవరికైనా జరుగుద్ది. మావాడు మళ్లీ అడిగితే ఆయన బ్లూ టిక్ పెట్టేసి ఊరుకున్నాడు, నాకు మండింది అక్కడే.

ఇక కేవీపీవై సంగతి. ఆ పరీక్షని 2022లోనే ఎత్తేసి ఇన్‌స్పైర్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పథకంలో కలిపేశారు, లేని పరీక్షకి మెటీరియల్ అమ్ముతున్నారు ఏటి వీళ్లు! ఒలింపియాడ్‌కి రిజిస్ట్రేషన్ మేమే చేయించాలి అని ఇంకో మాట. ఫిజిక్స్‌ ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు ఎన్‌ఎస్‌ఈపీ అనే పరీక్ష, దాన్ని ఐఏపీటీ అనే ఫిజిక్స్ టీచర్ల సంఘం నవంబర్‌లో పెడుతుంది, ఫీజు వందల్లోనే ఉంటుంది, పాత పేపర్లు నెట్‌లో ఫ్రీ. దాని తర్వాతి మెట్టు ఐఎన్‌పీహెచ్‌ఓ పేపర్లు కూడా ముంబైలో ఉన్న హోమీ భాభా సెంటర్ సైట్‌లో సొల్యూషన్లతో సహా ఫ్రీగానే ఉన్నాయి. మధ్యలో వీళ్లెందుకు?

అన్నిటికన్నా ఘోరం రీసెర్చ్ పేపర్. ఇంకో 15 వేలు కడితే మీ అబ్బాయి పేరు మీద జర్నల్‌లో పేపర్ వేయిస్తాం, దాంతో ఐసర్‌లో (సైన్స్ చదువులకి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) సీటు ఈజీ అన్నారు. తిరుపతి ఐసర్ అయినా ఇంకోటి అయినా సీటు ఇచ్చేది ఐఏటీ అనే వాళ్ల ఎంట్రన్స్ పరీక్ష ర్యాంకుతో, పేపర్ చూసి కాదు. గుంటడు రాయని పేపర్ మీద గుంటడి పేరేటి అని నాన్న ఫోన్‌లోనే కడిగేశారు.

డబ్బులు వెనక్కి ఇమ్మంటే నాన్ రిఫండబుల్ అంట. ఫీజు ఎవరిదో పర్సనల్ నంబర్‌కి ఫోన్‌పే చేయించుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. తెలిసినావిడ ఒకామెకి ఈఎంఐ అని చెప్పి లోన్ కంపెనీతో సంతకం పెట్టించారు, క్లాసులు ఆగిపోయినా ఆమె ఖాతాలోంచి వాయిదా మాత్రం నెలనెలా కట్ అవుతానే ఉంది.

ఎవరి దగ్గరైనా చేర్పించే ముందు పిల్లాడిచేత ఒక లెక్క అడిగించండి, ఫొటో పంపించడం కాదు, ఎదురుగా కూర్చుని లేదా వీడియోలో నీ నోట్సు చూపించు ఎక్కడ ఆగావు అని అడుగుతాడా లేదా చూడండి. మా మాస్టారు రూపాయి తీసుకోకుండా ఆదివారాలు చేస్తున్నది అదే, జవాబు చెప్పరు, ముందు బొమ్మ గీయమంటారు. డిగ్రీ కాలేజీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు మన ఊళ్లలో ఉంటారు, కనుక్కోండి.

మేం కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కన్జ్యూమర్ కంప్లైంట్ పెట్టాం, కంప్లైంట్ నంబర్ వచ్చింది, డబ్బులు ఇంకా రాలేదు. బొబ్బిలి, పాలకొండ వైపు కూడా ఇలాంటి ఫోన్లే వస్తున్నాయంట. ఇప్పటికే కట్టేసినోళ్లు ఉంటే చాట్ డిలీట్ చేయకండి, పేమెంట్ స్క్రీన్‌షాట్, వాళ్లు పంపిన బ్రోచర్ దాచి పెట్టుకుని మీరూ బేగి కంప్లైంట్ పెట్టండి.