పాత థర్టీ ఎయిట్‌ని మార్పించాలా, కొత్త థర్టీ టూ కొనాలా?

కనిగిరి నుంచి ఒకాయన, కావలి నుంచి ఇద్దరు, మొన్న సంక్రాంతికి సొంత బావ కూడా అదే అడిగేసరికి ఇక రాసి పెడితే మేలనిపించింది. అందరి మాటా ఒకటే, నాయన పోయాక బీరువాలో పాత థర్టీ ఎయిట్ రివాల్వర్ (.38 బోరు, బోరంటే గొట్టం లోపలి వెడల్పు, పేరుకు అంగుళాల్లో చెప్తారు) మిగిలింది, దానికి తూటాలు దొరకవు, దాన్నే థర్టీ టూకి మార్పించుకుంటే సరిపోద్ది కదా అని. నేను ఫౌజులో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి ఒంగోలు వచ్చి స్థిరపడ్డవాణ్ణి, తుపాకులంటే ఇష్టమే, అయినా నా ఓటు కొత్తదానికే.

ముందు చట్టం సంగతి. ఆర్మ్స్ యాక్ట్ 5వ సెక్షన్‌లో తుపాకీ తయారీ, అమ్మకంతో పాటు మార్చడం కూడా ఉంది. అందుకు వేరే లైసెన్సు కావాలి, మన దగ్గరుండే లైసెన్సు బుక్కు పనికిరాదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్లో డిపాజిట్ చేస్తాం కదా, అక్కడ బుక్కులో ఒక బోరు, చేతిలో ఇంకో బోరు ఉంటే ఏం చెప్తారు? పైగా .38, .455 మన దేశంలో నిషేధిత బోర్లు, వాటి లైసెన్సు కలెక్టరేట్‌లో తేలదు, ఢిల్లీలో హోంశాఖ ఇవ్వాలి. కాబట్టి నాయన పోయాక "చూద్దాంలే" అని బీరువాలోనే ఉంచడం కూడా తప్పే, ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి.

చట్టం పక్కన పెట్టినా నేను వద్దనేది ఇనుము సంగతి తెలిసి.

చీమకుర్తిలో గ్రానైట్ మెషిన్లకు వెంట్రుకవాసి తేడా లేకుండా షాఫ్టులు తిప్పే మేస్త్రీలు ఉన్నారు, వాళ్ల పనితనాన్ని తక్కువ చేయను. కానీ లేత్ ఇనుమును తీసేస్తుంది, తీసేసిన చోట మళ్లీ పెట్టలేదు. థర్టీ ఎయిట్ చాంబర్‌లోకి, అంటే తిరిగే సిలిండర్‌లో తూటా కూర్చునే గదిలోకి, థర్టీ టూ తూటా వేస్తే దాని ఇత్తడి కేసు వ్యాసం చాంబర్ కన్నా మిల్లీమీటరుకు పైగా తక్కువ, బ్యారెల్లో గుండు కూడా అంతే వదులు. అంటే సిలిండర్ మార్చాలి, బ్యారెల్ మార్చాలి, అవి మారాక నాయన గుర్తుగా మిగిలేది పిడీ ట్రిగ్గరూ ఫ్రేమూ.

"థర్టీ టూ కాకపోతే థర్టీ ఎయిట్ స్పెషల్‌కి మార్చుకుంటే? రెండూ థర్టీ ఎయిట్లే కదా" అని కావలి ఆయన అన్నాడు. పేరు చూసి మోసపోయేది ఇక్కడే, స్పెషల్ అంటే కాస్త పొడవైన, సన్నటి వేరే తూటా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ కోసం అమెరికాలో చేసిన స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లను, యుద్ధం అయిపోయాక అక్కడి వ్యాపారులు సరిగ్గా ఇలాగే చాంబర్ పొడవు పెంచి స్పెషల్ రివాల్వర్లుగా అమ్మారు. పొడవైతే పెంచారు, వెడల్పు తగ్గించలేరు కదా! పాత .38 కేసు వ్యాసం .386 అంగుళం, స్పెషల్‌ది .379. తేడా అంగుళంలో వెయ్యోవంతులు ఏడు, ఏం లెక్కలే అనిపిస్తుంది, కానీ పేల్చగానే ఇత్తడి ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, ఒక్కోసారి నిలువునా చీలుతుంది, చీలిన చోట నుంచి వేడి గ్యాసు వెనక్కి తంతుంది. స్పెషల్ గుండు పాత బ్యారెల్‌కి సన్నం కూడా, అందుకని గురి కుదరదు. ఖర్చు పెట్టి తెచ్చుకునే జబ్బు.

.455 వెబ్లీ (పాత బ్రిటిష్ రివాల్వర్) ఉన్నవాళ్లు అడిగే .45 ఏసీపీ (పిస్టల్ తూటా) మార్పిడి ఇంకా ప్రమాదం. విదేశాల్లో చాలా వెబ్లీలను సిలిండర్ వెనక భాగం అరగదీసి, తూటాలను క్లిప్పుల్లో పెట్టి వాడేలా చేశారు. తూటా పడుతుంది, పేలుతుంది కూడా. కాకపోతే పేలినప్పుడు .455 తూటా ప్రెషర్ సుమారు 13,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఏసీపీది 21,000. పొలంలో నాలుగు కేజీల పైపుకి ఆరు కేజీల ప్రెషర్ ఎక్కిస్తే మొదటి రోజే పగలకపోవచ్చు, కానీ పక్కన నిలబడేవాడికి తెలుసు టెన్షన్. పైగా ఆ సిలిండర్ వందేళ్ల నాటి ఉక్కు.

ఉన్న థర్టీ టూ రివాల్వర్‌లో పిస్టల్ తూటా, అంటే .32 ఏసీపీ, పడుతుంది కదా అనేవాళ్లకు: పడినంత మాత్రాన దానిదైపోదు, దాని ప్రెషర్ 20,000 పైన, రివాల్వర్ తూటాది 15,000. వద్దు.

ఇక కొత్తది. కాన్పూర్ సర్కారీ ఫ్యాక్టరీ థర్టీ టూల్లో పాత మోడల్ వెబ్లీలాగే నడుం దగ్గర విరిచి తెరిచేది, మన పెద్దోళ్లకు చేతికి అలవాటైన పద్ధతే. 2014లో వచ్చిన నిర్భీక్ అరకేజీయే ఉంటుంది, 2023లో వచ్చిన ప్రబల్‌కి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాములు. నాకు ప్రబలే నచ్చింది, విరిచి తెరిచేదాంట్లో ఫ్రేము రెండు ముక్కలు, కొక్కెం అరిగేకొద్దీ వదులొస్తుంది, పక్కకు తెరిచేదాంట్లో ఆ బాధ లేదు. ధర లక్షకు పైమాటే, అది నిజమైన ఇబ్బంది. కానీ తూటాలు దొరుకుతాయి, బుక్కులో బోరూ చేతిలో బోరూ ఒకటే.

మా బావ మూడు రోజులు మొహం మాడ్చుకున్నాడు. "మా నాయన పట్టుకున్న పిడి బావా అది" అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగో రోజు ఇద్దరం కలిసి డీలరు దగ్గరకు పోయి డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాం. థర్టీ టూకి దరఖాస్తు పెట్టాడు, ఇంకా రాలేదు.