డెంటల్ క్లినిక్‌లో సక్షన్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కొత్తగా క్లినిక్ పెట్టుకునే జూనియర్లు ఫోన్ చేసి ఏ చెయిర్ కొనాలి, ఏ ఎక్స్‌రే సెన్సర్ మంచిది, ఎండోమోటర్ ఎంతలో వస్తుంది అని అడుగుతారు. పని చేసేటప్పుడు నోట్లోని నీళ్లు, లాలాజలం లాగేసే సక్షన్ గురించి అడిగేవాళ్లు అరుదు. చెయిర్‌తో పాటు ఎలాగూ వస్తుంది కదా అన్నది అందరి ధీమా. నేను కూడా చెయిర్‌తో వచ్చినదే చాలాకాలం వాడాను. తర్వాత విడిగా మోటర్ సక్షన్ పెట్టించాను, టిప్పులు రకరకాలవి మార్చి మార్చి చూశాను. నోట్లో మనం చేసే పని ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలావరకు సక్షన్ చేతిలోనే ఉందని నా గట్టి నమ్మకం.

నా ప్రాక్టీస్ నల్గొండ జిల్లాలో. ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, గుంటలు పడిన ఎనామెల్‌తో వచ్చేవాళ్లు ఎక్కువ. పెళ్లి సంబంధాలు చూస్తున్నారనో, ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందనో ముందు పళ్లకు కాంపోజిట్ వెనీర్లు (పంటి రంగు మెటీరియల్‌తో పైన వేసే పలచటి పొర) వేయమంటారు. అది అతుక్కోవడానికి ముందు యాసిడ్‌తో పంటిని గరుకు చేస్తాం, దాన్నే ఎచింగ్ అంటాం. మామూలు పంటికి 15 నుంచి 30 సెకన్లు చాలు. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామెల్ యాసిడ్‌కి అంత తేలిగ్గా లొంగదు, ఇంకా ఎక్కువసేపు ఉంచాలి. అంత కష్టపడి ఎచ్ చేసిన పంటికి లాలాజలం ఒక్క చుక్క తగిలితే చాలు, కడిగి మళ్లీ మొదటికి రావాల్సిందే. తగిలినట్టు గమనించకుండా బాండింగ్ (అతికించే ద్రవం) వేస్తే ఆ వెనీర్ కొద్ది నెలల్లో ఊడి వస్తుంది. అప్పుడు పేషెంట్ మెటీరియల్‌ని తిడతాడు. చాలాసార్లు అసలు కారణం తడి.

చెయిర్‌తో వచ్చేది ఎక్కువగా వెంచురీ సక్షన్. కంప్రెసర్ గాలిని సన్నటి రంధ్రం గుండా పంపితే అక్కడ వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది, ఆ లోటు నోట్లోని నీటిని లాగుతుంది. విడిగా మోటరు అక్కర్లేదు, చెడిపోయే భాగాలు తక్కువ, ధర తక్కువ. ఇవి నిజమైన లాభాలే. చిక్కల్లా పన్ను కోసే ఎయిరోటార్ తిరిగేది కూడా ఆ కంప్రెసర్ గాలితోనే. పెడల్ నొక్కగానే ఇటు లాగడం నీరసపడుతుంది. నీళ్లు ఎక్కువగా వచ్చే క్షణంలోనే సక్షన్ తగ్గిపోతుందన్నమాట. పైగా చివర తగిలించేది సలైవా ఎజెక్టర్, లోపల తీగ ఉండి ఎటు వంచితే అటు వంగే ప్లాస్టిక్ గొట్టం. నాలుక కింద చేరిన నీటిని మెల్లగా తోడడానికి అది బాగానే పనికొస్తుంది. పళ్ల గార తీసే స్కేలర్ నుంచి లేచే తుంపర జోలికి మాత్రం అది పోలేదు.

డీలర్‌ని అడిగితే "ప్రెషర్ బాగుంటుంది సార్" అంటాడు. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. సక్షన్‌లో చూడాల్సినవి రెండు: ఎంత బలంగా లాగుతుంది, నిమిషానికి ఎంత గాలిని లాగుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో సీసా తగిలించి వాడే మెషీన్ 600 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాకా లాగుతుంది, కానీ లోపలికి పోయే గాలి కొంచెమే. రక్తం, చీము తీయడానికి అది మేలు. పన్ను కోసేటప్పుడు పరిస్థితి వేరు. నిమిషానికి 3 లక్షల చుట్లకు పైగా తిరిగే బర్ (ఎయిరోటార్ చివర ఉండే కోసే ముక్క) మీద నీళ్లు పడి పొగమంచులా చెదిరిపోతాయి. ఆ మంచును పట్టాలంటే గాలే ఒక ప్రవాహంలా లోపలికి పోవాలి. హై వాల్యూమ్ సక్షన్ అని దేన్నంటామో అది టిప్పు దగ్గర నిమిషానికి 250 నుంచి 300 లీటర్ల గాలిని లాగాలి. గొట్టం సన్నగా ఉంటే ఎంత పెద్ద మోటరు పెట్టినా ఇది కుదరదు. 6 మిల్లీమీటర్ల రంధ్రంతో పోలిస్తే 11 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం మూడు రెట్లకు పైగా ఉంటుంది. సన్నటి స్ట్రాతో చిక్కటి లస్సీ తాగబోతే దవడలు నొప్పెట్టడం తప్ప లస్సీ పైకి రాదు కదా, అదే లెక్క.

మీ సక్షన్ ఏ పాటిదో చూసుకోవడం చాలా తేలిక. చెయిర్ లైట్ వేసి, వెనక నల్లటి గుడ్డ పట్టుకుని, స్కేలర్‌ని నీళ్లతో ఆన్ చేయండి. వెలుగులో తుంపర తెల్లగా లేచి కనిపిస్తుంది. సలైవా ఎజెక్టర్‌ని పక్కన పెట్టి చూడండి, ఆ తుంపర తన దారిన తాను పోతుంది. హై వాల్యూమ్ సక్షన్ పెద్ద టిప్పును ఒక అంగుళం దూరంలోకి తెచ్చి చూడండి, తుంపర మొత్తం పక్కకు ఒరిగి లోపలికి దూరిపోతుంది. ఇంకొంచెం వెనక్కి లాగితే మళ్లీ చెదిరిపోతుంది. ఆ దూరం ఎంతో మీ అసిస్టెంట్‌కి కూడా కళ్లారా చూపించండి. ఎన్ని మాటలు చెప్పినా రాని జాగ్రత్త ఇది చూస్తే వస్తుంది.

మోటరు విషయానికొస్తే తడివి, పొడివి అని రెండు రకాలు. తడి పంపు తిరగడానికి నీళ్లు ధారగా పోస్తూ ఉండాలి. మా బోరు నీళ్లకు లోపల సున్నం పేరుకుపోతుంది, అసలు అన్ని నీళ్లు వృథా చేయడానికి మనసొప్పదు. అందుకే పొడిది తీసుకున్నాను, ఇంతవరకు దానితో పేచీ లేదు. పైపుల దగ్గరే గొడవంతా వచ్చింది. బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి చేతికి దొరికిన అరంగుళం పైపు వేసి, ప్రతి మూలకూ తొంభై డిగ్రీల ఎల్బో పెట్టి, మధ్యలో ఒకచోట పల్లం ఉంచేసి వెళ్లిపోయాడు. ఆ పల్లంలో నీళ్లు నిలిచి, సక్షన్ గురగురమంటూ ఆగి ఆగి లాగేది. మోటరు చిన్నదైపోయిందని, పెద్దది కొనమని సలహా ఇచ్చారు. మా ఊరి ప్లంబర్‌తో పైపు లావుది వేయించి, మలుపులు ఏటవాలుగా తిప్పించి, మోటరు వైపు వాలు పెట్టిస్తే అదే మోటరు చక్కగా లాగింది. మోటరును గది బయట పెట్టండి. అది వదిలే గాలి కూడా బిల్డింగ్ బయటికే పోవాలి, వెయిటింగ్ హాల్లోకి కాదు.

పెద్ద టిప్పు వచ్చాక పేషెంట్లలో తేడా నేను అనుకున్నదానికంటే ఎక్కువ కనిపించింది. మునుగోడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ అంతకుముందు పన్ను అరగదీస్తుంటే చెయ్యెత్తి ఆపి, "మింగాల్నా, ఉమ్మాల్నా సారూ?" అని అడిగింది. నోటినిండా నీళ్లు, ముక్కుతో గాలి అందక కళ్లలో భయం. చాలామంది టెన్షన్ ఇదే, నొప్పి కాదు. లేచి ఉమ్మితే పెదాలు మూసుకుంటాయి, కాటన్ రోల్స్ జారిపోతాయి, ఆరబెట్టిన పన్ను మళ్లీ తడుస్తుంది. మంచి సక్షన్ ఉంటే లేవాల్సిన పనే ఉండదు. ఆమెకే తర్వాత పెద్ద టిప్పుతో కింది దవడ పన్ను చేస్తే మధ్యలో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

సలైవా ఎజెక్టర్ వాడేవాళ్లకు ఒక మాట. "నోరు మూసి పీల్చండమ్మా" అని పేషెంట్‌కి చెప్పడం మన దగ్గర బాగా అలవాటు. అది మానేయాలి. పెదాలు బిగించి పీల్చినప్పుడు నోట్లో ఒత్తిడి గొట్టంలోకంటే తగ్గితే, గొట్టంలో ఉన్నది వెనక్కి నోట్లోకి వస్తుంది. అందులో ముందటి పేషెంట్ తాలూకుది కూడా ఉండొచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాల్లోనే దీని గురించి హెచ్చరించింది.

హై వాల్యూమ్ సక్షన్‌లో అసలైన లోపం దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. డాక్టరూ అసిస్టెంటూ కలిసి చేసే దీన్ని పుస్తకాల్లో నాలుగు చేతుల పద్ధతి అంటారు. మా లాంటి ఊళ్లలో ఉండేది ఒక్క అసిస్టెంట్. ఆ అమ్మాయే ఫోన్ ఎత్తాలి, పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ చూడాలి, సిమెంట్ కలపాలి. స్కేలింగ్‌కి నేను ఒక్కడినే కూర్చుంటే ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో స్కేలర్, సక్షన్‌కి చెయ్యి లేదు. అద్దమూ సక్షన్ టిప్పూ కలిసి ఉన్న రకం ఇందుకే తెప్పించాను. పైనుంచి గాలి పోతుంటుంది కాబట్టి అద్దం మీద ఆవిరి కమ్మదు. అయితే లావు గొట్టం మణికట్టును కిందికి లాగుతూనే ఉంటుంది. మెత్తటి, తేలికైన సిలికోన్ గొట్టం, అన్నివైపులా తిరిగే జాయింట్ పెట్టించాకే సాయంత్రానికి చెయ్యి గుంజడం తగ్గింది. గొట్టం బరువు గురించి ఏ బ్రోషర్‌లోనూ రాయరు. నా దృష్టిలో ముందు రాయాల్సింది అదే.

అమెరికాలో ఐసోలైట్ పేరుతో వచ్చిన పద్ధతి ఈ సమస్యకు మంచి జవాబు. పళ్ల మధ్య కొరికి పట్టుకునే దిమ్మె, నాలుకను పక్కకు నెట్టే రెక్క, బుగ్గను ఆపే రెక్క అన్నీ ఒకే మెత్తటి మౌత్‌పీస్‌లో ఉంటాయి, దానిలోంచే సక్షన్ లాగుతుంది. ఆ పద్ధతిలో తయారైన ఒక చౌక రకం నేను వాడుతున్నాను. కింది దవడ పళ్లకు, పిల్లల ఫిల్లింగులకు బ్రహ్మాండంగా ఉంటుంది. వాంతి వచ్చినట్టుగా ఉండే పేషెంట్లు మాత్రం దాన్ని భరించలేరు. ఆటోక్లేవ్‌లో కొన్నిసార్లు పెట్టేసరికి అంచులు చిట్లుతున్నాయి, పిల్లల సైజు అడిగినప్పుడల్లా దొరకదు. ఇక రూట్ కెనాల్‌కి ఏ సక్షన్ ఉన్నా రబ్బర్ డ్యామ్ (పన్ను ఒక్కటే బయటికి వచ్చేలా నోటికి అడ్డంగా పరిచే పలచటి రబ్బరు) వేయాల్సిందే. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన ఆ రబ్బరు ముక్కకు ఇంతవరకు సాటి రాలేదు.

కోవిడ్ సమయంలో ఏనుగు తొండంలా నోటి ముందు నిలబెట్టే మెషీన్లు చాలా క్లినిక్‌లు కొన్నాయి. చోటు తింటాయి, చప్పుడుకి పేషెంట్‌తో మాట్లాడలేం, ఫిల్టర్ల ఖర్చు ఆగదు. పంటికి దగ్గరగా సరిగ్గా పట్టుకున్న హై వాల్యూమ్ టిప్పు గాల్లో చేరే కాలుష్యాన్ని 90 శాతానికి పైగా తగ్గిస్తుందని పరిశోధకులు హారెల్, మోలినారి 2004లోనే రాశారు. నా డబ్బు దీనికే పెడతాను.

శుభ్రం చేయడంలో బద్ధకిస్తే ఎంత ఖరీదైన సక్షన్ అయినా కంపు కొడుతుంది. ప్రతి పేషెంట్ తర్వాత చల్లటి నీళ్లు లాగిస్తాం. వేడి నీళ్లు వద్దు, రక్తం, లాలాజలంలోని ప్రొటీన్ గడ్డకట్టి గొట్టం గోడలకు అంటుకుంటుంది. నురగ వచ్చే సబ్బు మోటరులోకి పోతుంది కాబట్టి నురగ రాని క్లీనరే వాడాలి. బ్లీచింగ్ అసలే వద్దు, గొట్టాల్లో పేరుకున్న అమాల్గమ్ (పాదరసం కలిసిన ఫిల్లింగ్ లోహం) నుంచి పాదరసాన్ని కరిగించి వదులుతుంది. రాత్రి ఫిల్టర్ విప్పితే దూది పోగులు, పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ తునకలు, బూడిదరంగు అమాల్గమ్ పొడి కనిపిస్తాయి. కనపడకుండా పోయిన క్రౌన్ కూడా అక్కడ దొరుకుతుంది, కాబట్టి వెతక్కుండా పారబోయకండి. పాదరసం వాడకాన్ని, కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. ఐఎస్ఓ 11143 ప్రమాణం ప్రకారం, నీళ్లలోంచి అమాల్గమ్‌ని వేరుచేసే సెపరేటర్ దాన్ని కనీసం 95 శాతం పట్టాలి. పాత అమాల్గమ్ ఫిల్లింగులు తొలగించే పని మనకు ఇంకా చాలాకాలం ఉంటుంది, ఆ పొడి మోరీల్లోకి పోతోంది. సెపరేటర్‌ని చెయిర్‌తో పాటే ఇచ్చే రోజు రావాలి.

మన ఇంజినీర్లు, మన కంపెనీలు పట్టించుకుంటే బాగుపడేవి చాలా ఉన్నాయి. టిప్పు చివర ఈల శబ్దం తగ్గాలి. బుగ్గ అతుక్కుపోకుండా పక్కన పెట్టే రంధ్రాలు ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో ఇంకా ఆలోచించాలి. వాడి పారేసే ప్లాస్టిక్ బదులు ఆటోక్లేవ్‌కి ఆగే టిప్పులు అందుబాటు ధరలో రావాలి. కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద నడిచే చిన్న మోటరు రావాలి, సగం కోసిన పంటితో పేషెంట్‌ని కూర్చోబెట్టడం చాలా బాధగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు గుట్కా పేషెంట్ల గురించి ఆలోచించమని అడుగుతాను. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌తో నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయిన కుర్రాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. 11 మిల్లీమీటర్ల టిప్పు పెడితే ఇక పన్ను కోసే హ్యాండ్‌పీస్‌కి చోటుండదు, మౌత్‌పీస్ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్లకు ప్రస్తుతం సన్నటి సర్జికల్ టిప్పుతో, పన్ను కొంచెం కోసి ఆపి, మళ్లీ కోస్తూ నెట్టుకొస్తున్నాను. బల్లపరుపుగా ఉండి బుగ్గకూ పళ్లకూ మధ్య దూరి, గాలి మాత్రం తగ్గకుండా లాగే టిప్పు ఎవరైనా చేస్తే మొదట కొనేది నేనే.