బిట్స్ హైదరాబాద్‌కు పాతిక లక్షలు పెట్టొచ్చా, ఓయూ ఇంజనీరింగ్ చాలదా?

ప్రతి జూన్‌లో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. ఒక ఇంట్లో బిట్‌శాట్ (బిట్స్ ప్రవేశ పరీక్ష) స్కోరు బాగా వచ్చి ఉంటుంది, అదే పిల్లకు ఎప్‌సెట్‌లో ఓయూ క్యాంపస్‌లోనో జేఎన్‌టీయూ కూకట్‌పల్లిలోనో సీటొచ్చే ర్యాంకూ ఉంటుంది, ఇక అందరూ సలహాలు మొదలుపెడతారు. నేను ఓయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను, మా అక్క కూతురు ఇప్పుడు శామీర్‌పేట దగ్గర బిట్స్‌లో చదువుతోంది, కాబట్టి రెండు వైపులా కాస్త తెలుసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: బిట్స్ మంచి కాలేజీ, అందులో డౌట్ లేదు, కానీ అక్కడ మీరు కట్టే డబ్బులో ఎక్కువ భాగం స్వేచ్ఛకే పోతుంది. వాడుకోగలిగిన పిల్లలకు అది గిట్టుబాటు, లేనివాళ్లకు శుద్ధ దండగ.

స్వేచ్ఛ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు బిల్డింగులు కనిపిస్తాయి గానీ ఇది కనిపించదు. బిట్స్‌లో అటెండెన్స్ కంపల్సరీ కాదు. క్లాసుకు రాలేదని పరీక్ష రాయనివ్వకపోవడం ఉండదు. పై సెమిస్టర్లకు వెళ్లేకొద్దీ ఏ కోర్సులు తీసుకోవాలో, ఏ టైంలో క్లాసులు పెట్టుకోవాలో చాలావరకు వాళ్లే ఎంచుకుంటారు, మెకానికల్ వాడు ఫైనాన్స్ కోర్సులు చేసి అందులో మైనర్, అంటే అసలు డిగ్రీకి తోడుగా చిన్న స్పెషలైజేషన్, తెచ్చుకోవచ్చు. రెండో ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు ప్రాక్టీస్ స్కూల్ అని ఏదో కంపెనీకో ల్యాబ్‌కో పంపుతారు, చివరి ఏడాదిలో మళ్లీ ఐదున్నర నెలలు. రాజస్థాన్‌లోని పిలానీలో, అంటే బిట్స్ మొదటి క్యాంపస్‌లో, 1973లోనే మొదలైన పద్ధతి ఇది. నా లెక్కలో ఆ ఐదున్నర నెలలే బిట్స్‌లో అన్నిటికంటే విలువైన భాగం, ఎందుకంటే అది ఒక పొడుగాటి ఇంటర్వ్యూ లాంటిది, స్టైపెండ్ ఇచ్చి మరీ పని చేయించుకుంటారు, నచ్చితే ఉద్యోగమూ ఇస్తారు. అది వద్దనుకుంటే థీసిస్ చేయొచ్చు, కొందరు విదేశీ యూనివర్సిటీకి వెళ్లి మరీ చేస్తారు.

ఇప్పుడు అసలు సమస్య. మన పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారు? పొద్దున ఆరింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టి, వారం వారం టెస్టులు పెట్టి, ఫోన్ లాక్కుని రెండేళ్లు నడిపించిన కార్పొరేట్ జూనియర్ కాలేజీ నుంచి. అలాంటి పిల్లాణ్ణి తీసుకెళ్లి, క్లాసుకు వస్తావో రావో నీ ఇష్టం అనే చోట వదిలేస్తే ఏమవుతుంది? కొందరు మొదటిసారి ఊపిరి పీల్చుకుని క్లబ్బులు, కోడింగ్, రీసెర్చ్ అంటూ దూసుకుపోతారు. కొందరు తెల్లారేదాకా గేములాడి మధ్యాహ్నం లేస్తారు. పైగా అక్కడ రిలేటివ్ గ్రేడింగ్, అంటే ఇన్ని మార్కులొస్తే ఇంత గ్రేడ్ అని ముందే రాసిపెట్టి ఉండదు, పక్కవాళ్లకు ఎంతొచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. పక్కవాళ్లంతా బిట్‌శాట్ దాటి వచ్చినవాళ్లే. మా మేనకోడలు మొదటి సెమిస్టర్‌లోనే అంది, "మామయ్యా, ఇక్కడ ఎవరూ తిట్టరు, మనల్ని మనమే తిట్టుకోవాలి" అని. తను నెట్టుకొచ్చింది.

ఓయూలో, జేఎన్‌టీయూలో 75 శాతం అటెండెన్స్ రూలు, తగ్గితే కండోనేషన్ (ఆ లోటును మాఫీ చేయించుకోవడం) గొడవ, సెమిస్టర్ మధ్యలో మిడ్‌లు, ఫెయిలైతే మళ్లీ రాసే సప్లీలు. విసుగే. కానీ కొంతమంది పిల్లలకు ఆ విసుగు పుట్టించే రూలే రక్షణ.

డబ్బు సంగతికి వస్తే, బిట్స్‌లో ట్యూషన్ ఒక్కటే ఇప్పుడు సెమిస్టర్‌కు రెండున్నర లక్షలు దాటింది, హాస్టల్, మెస్, మిగతావి కలిపితే నాలుగేళ్లకు పాతిక లక్షలు దాటుతుంది. బిట్‌శాట్ మెరిట్ మీదా, ఇంటి ఆదాయం చూసీ ఫీజు తగ్గించే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, తప్పకుండా అప్లై చేయండి, అవి వస్తే ఈ లెక్కంతా మారిపోతుంది. అయితే ఎప్‌సెట్ కన్వీనర్ కోటాకు వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇక్కడ రాదు. పాతిక లక్షలూ లోన్ తీసుకుంటే పది శాతం వడ్డీకి పదేళ్లపాటు ఈఎంఐ నెలకు దాదాపు 33 వేలు. ఓయూ క్యాంపస్‌లో ఏడాది ఫీజు వేలల్లోనే ఉంటుంది, సిటీ పిల్లలైతే ఇంట్లోంచే బస్ పాస్‌తో వెళ్లొచ్చు.

ఇంకో మాట, మన ఇళ్లలో సగం మంది మనసులో ఎలాగూ అమెరికా ఎంఎస్ ఉంటుంది. అదే ప్లాన్ అయితే బీటెక్‌లో మిగిల్చిన డబ్బు ఎంఎస్‌లో సగం ఖర్చు తీర్చొచ్చు. అడోబీని నడిపిన శంతను నారాయణ్ ఓయూలో ఎలక్ట్రానిక్స్ చేసి, ఓహాయోలోని బౌలింగ్ గ్రీన్ అనే ప్రభుత్వ యూనివర్సిటీకి ఎంఎస్‌కు వెళ్లారు. ఒక్క మనిషిని చూపించి రూలు చేయకూడదు, ఒప్పుకుంటా, కానీ దారి అయితే ఉంది.

బిట్స్‌కు నేను గట్టిగా మార్కులేసేది తోటి విద్యార్థుల దగ్గర. అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు, ఊరికి దూరం, కాబట్టి రాత్రిళ్లు హాస్టల్ వింగ్‌లోనే కబుర్లు, ప్రాజెక్టులు, ఐడియాలు. రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ, ఆయన స్నేహితులు పిలానీ క్యాంపస్ వాళ్లే. స్విగ్గీ శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి కూడా అక్కడి వాళ్లే. హైదరాబాద్ క్యాంపస్ 2008లో మొదలైంది, దానికి అంత చరిత్ర లేదు గానీ సీనియర్ల నెట్‌వర్క్ అన్ని క్యాంపస్‌లకూ ఒకటే. లోటేంటంటే రిజర్వేషన్లు లేవు, ఫీజేమో ఇంత, అందువల్ల క్లాసులో ఎక్కువగా ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. ఓయూలో నా బెంచీ మీద పాలమూరు సర్కారీ జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాడు, వాళ్లింట్లో మొదటి ఇంజనీరు, కూర్చునేవాడు. బయటికొస్తే లైబ్రరీ నిండా గ్రూప్స్‌కు చదివేవాళ్లు, ఆర్ట్స్ కాలేజీ ముందు ఏదో ఒక ధర్నా. ఈ రాష్ట్రం ఎలా నడుస్తుందో నాకు అక్కడే తెలిసింది.

ఓయూను మరీ ఎత్తేయడం లేదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీలే, కాంట్రాక్టు వాళ్లతో, పార్ట్‌టైం వాళ్లతో లాక్కొస్తున్నారు, ఇది ప్రభుత్వాలు మారినా మారని కథ. ల్యాబ్ పరికరాల్లో బిట్స్‌తో పోలికే లేదు.

ఒక జాగ్రత్త. నేను జేఎన్‌టీయూ అన్నది కూకట్‌పల్లి క్యాంపస్‌ను, దానికి అనుబంధంగా ఉన్న వందల ప్రైవేటు కాలేజీలను కాదు. సర్టిఫికెట్ మీద పేరు అదే ఉంటుంది, చదువు వేరే. అలాంటి కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాకు పదిహేను లక్షలు పోసే ఆలోచనలో ఉంటే, ఇంకో పది కలిపి బిట్స్‌కే వెళ్లండి, రెండో మాట వద్దు. పోలిక పెట్టాల్సింది క్యాంపస్ సీటు ఉన్నప్పుడే.

ఆఖరికి బిట్స్‌లో డ్యూయల్ డిగ్రీ, అంటే ఒకేసారి రెండు డిగ్రీలు చేసే కోర్సు గురించి. స్కోరు తక్కువైతే ఎంఎస్సీ బయాలజీ, కెమిస్ట్రీ లాంటివి ఇచ్చి, మొదటి ఏడాది సీజీపీఏను (గ్రేడ్ల సగటును) బట్టి ఇంజనీరింగ్ బ్రాంచి కూడా ఇస్తారు. దీనికి ఐదేళ్లు పడుతుంది, అంటే ఇంకో ఏడాది ఫీజు. సీజీపీఏ రాకపోతే కంప్యూటర్ సైన్స్ రాదు. ఓయూ క్యాంపస్‌లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు చేతిలో ఉండగా బిట్స్ పేరు కోసం దీనికి వెళ్తానంటే మా ఇంట్లో పిల్లలనైతే నేను వెళ్లనివ్వను.