మాసకర్, కార్నేజ్, జెనోసైడ్: ఏది ఎక్కడ మేలు?

"ఊచకోతకు ఇంగ్లీషులో ఏ మాట వాడాలి?" తెలుగు వార్తలను ఇంగ్లీషు చేసే డెస్కుల్లో కొత్తగా చేరినవాళ్లు, పోటీ పరీక్షలకు వ్యాసాలు రాసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. డిక్షనరీలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నోటికొచ్చింది రాసేస్తున్నారు.

నా వరకు తేల్చాల్సింది ఒక్కటే. చంపినవాడు వాక్యంలో ఉంటాడా, జారిపోతాడా?

కార్నేజ్‌ను క్రియగా వాడలేం. "అక్కడ కార్నేజ్ జరిగింది" అనగలం గానీ, ఫలానావాళ్లు ఫలానావాళ్లను కార్నేజ్ చేశారని రాయలేం. మాంసం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది కాబట్టి దాని చూపంతా శవాల మీదే. రెండువైపులా సైనికులు కూలే యుద్ధానికి అది సరిగ్గా అతుకుతుంది. 1916 జులై 1న, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మొదటి రోజునే, బ్రిటిష్ సైన్యంలో 19 వేల మందికి పైగా చనిపోయారు. అది కార్నేజే. ఘోరమైన రోడ్డు ప్రమాదాన్నీ అలా అనొచ్చు.

మాసకర్ క్రియగా కూడా నడుస్తుంది. ఎవరు చంపారో చెప్పమని అడుగుతుంది, చనిపోయినవాళ్లకు తప్పించుకునే దారి లేదనీ చెబుతుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో డయ్యర్ హెచ్చరిక కూడా లేకుండా కాల్పులు జరిపించాడు. బయటికి పోయే దారులు ఇరుకు. పేలినవి 1,650 తూటాలు. సర్కారు లెక్కలోనే 379 మంది పోయారు. దాన్ని కార్నేజ్ అంటే డయ్యర్ పక్కకు తప్పుకుంటాడు.

పదుల సంఖ్యలో పోతేనే మాసకర్ అనాలని రూలేమీ లేదు. 1770లో అమెరికాలోని బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పులకు చనిపోయింది ఐదుగురే, అయినా ఆ పేరే నిలిచింది. గుంపు మంచుముద్దలు, కర్రలు విసిరిన మాట నిజమే, ఆ పేరు పెట్టడంలో రాజకీయమూ ఉంది.

మన దగ్గర 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ఇలాంటివాటిని క్లాష్ అని రాస్తే ఇరువర్గాలూ సమానంగా కొట్టుకున్నట్టు అయిపోతుంది. అది చూస్తే నాకు కడుపు మండుతుంది.

జెనోసైడ్ విషయంలో తొందరపడకండి. 1944లో రాఫెల్ లెమ్కిన్ అనే న్యాయవాది పుట్టించిన ఈ మాటకు 1948 ఐక్యరాజ్యసమితి ఒప్పందం చట్టపరమైన అర్థం ఇచ్చింది. ఒక జాతినో, మత సమూహాన్నో పూర్తిగానో, కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో దాదాపు 8 వేల మంది బోస్నియా ముస్లిం మగవాళ్లను, అబ్బాయిలను చంపడం జెనోసైడేనని అంతర్జాతీయ కోర్టు తేల్చింది. ఊచకోతగా చూస్తే అది మాసకర్ కూడా.

స్లాటర్ పశువధకూ వాడతారు, అవసరమైతే వాడండి. బ్లడ్‌బాత్‌ను షేర్ మార్కెట్ పడిపోయినప్పుడు కూడా హెడ్డింగుల్లో పెడుతున్నారు, నేనైతే వాడను.

ఎవరు చంపారో ఇంకా తేలనప్పుడు కిల్లింగ్స్ అని రాసి ఊరుకోండి. తేలాక మాత్రం మాట మార్చండి.