తెలుగు వికీపీడియాలో వర్గమా, జాబితానా?

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒకే కోవకు చెందిన వ్యాసాలను ఒకచోట చూపడానికి వర్గం, జాబితా అనే రెండు మార్గాలున్నాయి. వ్యాసం అడుగున వర్గం పేరు చేరిస్తే చాలు, అది వర్గం పేజీలో అక్షరక్రమంలో దానంతటదే చేరుతుంది. అయితే అక్కడ కనబడేవి వట్టి పేర్లే, అవీ పేజీకి 200 చొప్పున.

జాబితాను ఎవరో ఒకరు చేత్తో రాయాలి, కొత్త వ్యాసం వచ్చినప్పుడల్లా సవరించాలి (ఈ పని ఎంత తేలిగ్గా మరుగున పడుతుందో రాసేవారికి తెలుసు). అయినా విషయం తెలియక వచ్చిన పాఠకుడికి జాబితాయే మేలని నా అభిప్రాయం. గోదావరి ఉపనదులను వర్గం ఇంద్రావతితో మొదలుపెడుతుంది. జాబితా మాత్రం నది వెంబడి మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్న వరుసలో, ఏది ఏ గట్టున కలుస్తుందో చెబుతూ చూపగలదు. ఇంకా ఎవరూ రాయని వ్యాసం కూడా అందులో ఎర్ర లింకుగా కనబడుతుంది.