పిల్లలతో అయోవా, నెబ్రాస్కా: పాతకాలపు రైతు బతుకు చూడటానికి ఏది మేలు?

అమెరికా మధ్య పశ్చిమంలో తొలినాళ్ల వలస రైతులు ఎలా బతికారో పిల్లలకు చూపించాలంటే నాకు తెలిసి రెండు మంచి చోట్లున్నాయి. ఒకటి అయోవాలో డెమోయిన్ నగరాన్ని ఆనుకుని అర్బన్‌డేల్‌లో ఉన్న లివింగ్ హిస్టరీ ఫార్మ్స్. రెండోది నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గరి హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్. ఆరేళ్ల లోపు పిల్లలుంటే నా ఓటు మొదటిదానికే.

అక్కడ 1700 నాటి అయోవే అనే ఆదివాసీ తెగవారి పొలం, 1850 నాటి దుంగల ఇల్లు, 1900 నాటి గుర్రాల సేద్యం, 1875 నాటి వాల్‌నట్ హిల్ ఊరు ఉన్నాయి. పొలాల దగ్గరికి ట్రాక్టరు బండిలో తీసుకెళ్తారు. మక్కగింజలు ఒలిచే పాత యంత్రం మా ఐదేళ్లదానికి తెగ నచ్చేసింది. ఎండు కంకి లోపలికి తోసి పిడి తిప్పితే గింజలు కిందికి, బెండు పక్కకి. రెండు చేతులా పిడి పట్టుకుని ఒంటి బరువంతా వేసి తిప్పింది. ఆ గింజలు కోళ్లకేనని తెలిశాక ఇక ఆపితే ఒట్టు! చేసిన పనికి ఏదో ఒక ప్రయోజనం కనబడితేనే ఆ వయసు వాళ్లు అంటిపెట్టుకుని ఉంటారు.

వెన్న తీసే చోట మా అత్తయ్య మొహమాటం లేకుండా అడిగేశారు, "కవ్వం తిప్పకుండా ఈ దంచడమేంటమ్మా?" అని. పొడుగాటి చెక్క కుండలో కర్రను పైకీ కిందికీ ఆడిస్తారు మరి. చీపుళ్లు ఒక రకం జొన్న కంకులతోనే కడతారని తెలిశాక ఆవిడ ఆ కొట్టు వదిలి రాలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. నడక ఎక్కువ, నీడ తక్కువ. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి.

హోమ్‌స్టెడ్ పార్కులో టికెట్ లేదు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేసినవాళ్లకు 160 ఎకరాలు ఇచ్చేవారు. పార్కింగ్ స్థలం సరిగ్గా ఒక ఎకరం. పెద్దవాడిని దాని చుట్టూ నడిపించి, "ఇలాంటివి 160" అన్నాను. లోపల 14 అడుగులకు 16 అడుగుల దుంగల ఇల్లు చూశాక, "అంత పొలానికి ఇంత ఇల్లా?" అన్నాడు. ఆ భూమి అంతకుముందు ఎవరిదన్న ప్రశ్నను మ్యూజియం దాటవేయలేదు, అది నచ్చింది. జూనియర్ రేంజర్ అని పిల్లలకిచ్చే ప్రశ్నల పుస్తకం నింపితే బ్యాడ్జి ఇస్తారు. చదవడం వచ్చినవాళ్లకే అది సరదా. చిన్నది కాసేపటికే "పోదాం" మొదలెట్టింది.

బస లింకన్‌లో చేశాం, బియాట్రిస్‌కు 40 మైళ్లు. మేం దిగిన హోటల్లో ఈతకొలను బాగుంది, టిఫిను మాత్రం చప్పిడి బ్రెడ్డే. మళ్లీ వెళ్తే వంటగది ఉన్న గది తీసుకుంటాం.

పార్కు వెనక ఎత్తయిన గడ్డిలో కాలిబాటలున్నాయి. వేసవిలో వెళ్తే పిల్లలకు పొడుగు ప్యాంట్లు వేసి, బయటికి రాగానే గోమార్లు పట్టాయేమో ఒళ్లంతా చూడండి.